అలిపిరి మిద్దె మరమ్మతు

పాదాలమండపము దాటి గాలిగోపురము వంక మెట్లెక్కు యాత్రికుల గోవిందనామములు మా మిద్దెమీదికి వినవచ్చును. అత్తగారి నాటి ఆ దూలముల మిద్దె కార్తికపు వానలకు కారజొచ్చెను. మొదటి మేస్త్రి గడప దాటకయే "అంతయు పడగొట్టవలె"నని బయానా యడిగెను. రెండవయాతడు నిచ్చెన యెక్కి, కర్రతో తట్టి చూచి, "తూము పూడినదమ్మా, పాతసున్నముపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే నిలిచి దూలములు పుచ్చును" అనెను. అతనినే కుదిర్చితిమి, కూలి వారమువారము.

కరక్కాయ, బెల్లపు నీట కలిపిన సున్నపు గచ్చును దినములకొలది కొట్టవలెననగా, కూలి పెరుగునని నేను వాదించితిని. అతడు పనిముట్లు మూటగట్టి, "సగము పని నా చేత కాదమ్మా" అనెను. నా గాజుల జత కుదువకు పోయినది.

మొన్నటి జడివాననాడు, కారునీటికై పెట్టు గిన్నెలు అటక దిగలేదు.