ఏదడిగినా ఔననే 777

పెళ్లి ఫోటోని ప్రోగ్రాంలా నడిపించొచ్చా? విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు పెట్టుకున్నవాళ్లు దాని టెర్మినల్ తెరిచి, సీ డ్రైవ్‌లోకి వెళ్లి ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌తో ఫైళ్ల జాబితా హక్కులతో సహా అడిగి చూడండి. ఫోటో, కరెంటు బిల్లు పీడీఎఫ్, రెజ్యూమె, మామూలుగా అన్నిటికీ ఒకటే వరస: ఆర్‌డబ్ల్యూఎక్స్ మూడుసార్లు, అంకెల్లో చెప్తే 777. యజమానీ, గ్రూపువాళ్లూ, దారినపోయేవాళ్లూ ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడిపించొచ్చు. ఇదేం చోద్యమని, హక్కులు మార్చే సీహెచ్‌మోడ్‌తో 644 (యజమాని చదవొచ్చు, రాయొచ్చు; మిగతావాళ్లు చదవడం మాత్రమే) కొడితే ఎర్రర్ రాదు. మళ్లీ చూస్తే 777 కదలకుండా అక్కడే ఉంటుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ ఒకే యంత్రాన్ని నలుగురు పంచుకునే చోట పెరిగింది. నీదా నాదా అన్న తగువు తప్పదు కాబట్టి ప్రతి ఫైలుకీ హక్కులు రాసిపెట్టుకుంది. 1981 నాటి ఎమ్మెస్‌డాస్‌కి ఆ బెడద లేదు, ఒక కంప్యూటర్‌కి ఒకరే మనిషి. దాని ఫ్యాట్ పద్ధతిలో యజమాని పేరుకి చోటే లేదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎవరికేం హక్కో వివరంగానే రాసుకుంటుంది గానీ, ఆ లెక్క యూనిక్స్ లెక్కతో కలవదు. కలపలేక డబ్ల్యూఎస్‌ఎల్ అన్నిటికీ ఔనంటుంది. అసలు కాపలా వెనకాల విండోస్ కాస్తూనే ఉంటుంది.

పొలం ఎవరిదో మట్టిని తవ్వి చూస్తే తెలియదు, రెవెన్యూ రికార్డు చూడాలి. ఫైలు హక్కులూ అంతే. అవి ఫైలు లోపల ఉండవు, అది ఉన్న డిస్కు రాసుకునే చిట్టాలో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే విషయం వస్తుంది, చిట్టా రాదు. పెన్‌డ్రైవ్‌లు టీవీకీ కారు స్టీరియోకీ కూడా అర్థం కావాలి కాబట్టి చాలావరకు ఇప్పటికీ ఫ్యాట్ వంశానివే. వాటిలో లేని హక్కుల్ని లినక్స్, మౌంట్ చేసేటప్పుడే, తనకు తోచినట్టు పూరించి చూపిస్తుంది.

చిట్టా వచ్చినా చిక్కే. లినక్స్ డిస్కు మీద యజమాని పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఉబుంటులో మొదటి యూజర్ 1000, మ్యాక్‌లో 501. ఒక ఉబుంటు డిస్కుని ఇంకొకరి ఉబుంటుకి తగిలిస్తే అక్కడి 1000 ఎవరైతే వాళ్లే మీ ఫైళ్లకి హక్కుదారులు.

అందుకే తేడా కనిపించగానే సీహెచ్‌మోడ్ జోలికి పోకుండా, ఫైలు ఏ రకం డిస్కు మీద ఉందో డీఎఫ్ మైనస్ టీ (పెద్ద టీ) తో ముందు చూడాలి. ఎల్‌ఎస్ మైనస్ ఎన్ కొడితే పేరు బదులు నంబరు కనిపిస్తుంది. సీ డ్రైవ్‌లోని ప్రైవేట్ కీని ఎస్‌ఎస్‌హెచ్ 'ఇంత బార్లా తెరిచి ఉంటే వాడను' అని తోసిపుచ్చితే, దాన్ని లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి 600 (యజమాని తప్ప ఎవరూ ముట్టుకోకుండా) పెడితే ఒప్పుకుంటుంది. అక్షరం ముక్క మార్చకపోయినా గిట్ వందల ఫైళ్లు మారాయంటే, 644 కాస్తా నడిపించే హక్కు చేరి 755 అయిందేమో చూసి, గిట్ సెట్టింగుల్లో కోర్ డాట్ ఫైల్‌మోడ్‌ని ఫాల్స్ చేస్తే సరి. లినక్స్ నుంచి లినక్స్‌కి హక్కులతో సహా పంపాలంటే టార్ కట్టి పంపాలి.

పక్క సీటు మిత్రుడు చెప్పే '777 పెట్టెయ్' అన్న చిట్కాతోనూ ఒక్కోసారి పని అవుతుంది, కానీ జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు. 'పర్మిషన్ డినైడ్' అంటే నాకంత భయం లేదు. కాదన్నదానికి కారణమంటూ ఒకటి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఏదడిగినా ఔననే చోటే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాను.