2009 కప్పు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. ఈ మూడు ఊళ్ళలో ఎవర్నైనా ఆపి "ఐపీఎల్లో మీ టీం ఏది?" అని అడిగి చూడండి. సమాధానం అంత తొందరగా రాదు. మా పడమటి మండలాలకి బెంగుళూరు వంద, నూటిరవై కిలోమీటర్లు. హైదరాబాదు ఐదొందల పైమాటే. పెద్దాసుపత్రికి బెంగుళూరు, ఉద్యోగానికి బెంగుళూరు, పెళ్ళి చీరలకి కూడా సగం మంది బెంగుళూరే. కుప్పం సంగతైతే చెప్పక్కర్లేదు, బెంగుళూరు-మద్రాసు రైలు దారిలో, అటు కన్నడం ఇటు అరవం మధ్యలో ఉంటుంది. అందుకే ఒకే ఇంట్లో అన్న ఆర్సీబీ, తమ్ముడు చెన్నై, నాలాంటి ఒకడు హైదరాబాదు.

ఆఫీసులో మాకు ఎప్పుడూ ఒకటే గొడవ. హైదరాబాదు వాళ్ళేమో "మాకు రెండు కప్పులు, 2009, 2016" అంటారు. బెంగుళూరు వాళ్ళు "2009 డెక్కన్ చార్జర్స్‌ది, సన్‌రైజర్స్‌కి ఒకటే" అంటారు. ఐపీఎల్ లెక్కల్లో అయితే బెంగుళూరు వాళ్ళదే రైటు, రెండూ వేరు వేరు టీములు. కానీ ఒకసారి ఆ చార్జర్స్ సీజన్ల పట్టిక ముందేసుకుని చూస్తే, అసలు గొడవ కప్పుల సంఖ్య గురించి కాదనిపిస్తుంది నాకు.

పట్టికలో ఉన్నది ఐదే వరసలు. 2008లో 14 ఆడి 2 గెలిచి అట్టడుగున. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీ, గిబ్స్, కుర్ర రోహిత్ శర్మ, కెప్టెన్‌గా మన లక్ష్మణ్.. ఇంతమందిని పెట్టుకుని ఎనిమిదిలో ఎనిమిదో స్థానం! 2009లో ఛాంపియన్లు. 2010లో 16 పాయింట్లతో లీగులో రెండో స్థానం, సెమీస్‌లో చెన్నై చేతిలో ఓటమి. 2011లో పదింట ఏడు. 2012లో తొమ్మిదింట ఎనిమిది. మొత్తం 75 మ్యాచిలు, 29 విజయాలు, 46 ఓటములు. అంతే, షీటు క్లోజ్.

ఈ పట్టికలో మామూలుగా ఎవరూ వెయ్యని కాలమ్ ఒకటుంది, సొంతూళ్ళో ఎన్ని గెలిచారు అని. అది వేసి చూడండి. 2008లో గెలిచిన రెండూ బయటే, ఒకటి ముంబైలో, ఒకటి చెన్నైలో. ఉప్పల్‌లో ఆడిన ఏడుకి ఏడూ ఓడారు. 2009లో ఎన్నికలని టోర్నీ మొత్తాన్నే దక్షిణాఫ్రికాకి ఎత్తుకెళ్ళారు. సెంచూరియన్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టిన సెమీస్, మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. ఛాంపియన్లై తిరిగొచ్చాక 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల హైదరాబాదు మ్యాచిలన్నీ నాగపూర్, కటక్, నవీ ముంబైలకి పోయినాయి. అంటే కప్పు గెలిచిన టీము తన ఊరి జనం ముందు అప్పటిదాకా ఒక్కటంటే ఒక్క మ్యాచి గెలవలేదు! ఆ ముచ్చట తీరింది 2011 ఏప్రిల్‌లో. ఎవరి మీదంటారా? బెంగుళూరు మీద.

బెంగుళూరుతో వీళ్ళకి ఏం రుణానుబంధమో గానీ, ఆ 2009 ఫైనలూ వాళ్ళతోనే. మొదటి ఓవర్లోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ని సున్నాకి పంపించాడు, మొత్తమ్మీద 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. గిబ్స్ ఒక పక్క నిలబడి 53 కొడితే చార్జర్స్ 143కి చేరారు. బెంగుళూరు 137 దగ్గర ఆగిపోయింది. ఆరు పరుగులు. ఆ రాత్రి మా పక్క చాలా ఇళ్ళలో ఒక గదిలో ఈలలు, ఇంకో గదిలో చడీచప్పుడూ లేదు.

చివరి మ్యాచి ఇంకా విచిత్రం. 2012 మే 20, ఉప్పల్. చార్జర్స్ ఎప్పుడో రేసులోంచి బయటికి పోయారు, పోగొట్టుకోడానికి ఏమీ లేదు. 132 కొట్టి, స్టెయిన్ 8 పరుగులకి 3 వికెట్లు తీస్తే 9 పరుగులతో గెలిచారు. ఆ దెబ్బకి బెంగుళూరు ఇంటికి, దాని బదులు చెన్నై ప్లేఆఫ్స్‌కి. కుప్పంలో అరవం మాట్లాడే ఇళ్ళలో ఆరోజు డెక్కన్ చార్జర్స్‌కి కొట్టినన్ని చప్పట్లు హైదరాబాదులో కూడా కొట్టుండరు :-) ఆ టీము ఆడిన ఆఖరాట అదేనని అప్పుడెవరికి తెలుసు.

సెప్టెంబర్ 2012లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది, అక్టోబర్లో చెన్నైకి చెందిన సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకి హైదరాబాదు టీముని కొనుక్కుంది. పాత యాజమాన్యం మధ్యవర్తి దగ్గర కేసు వేసి 2020లో 4,800 కోట్ల తీర్పు తెచ్చుకుంటే, 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. స్టెయిన్, సంగక్కర లాంటి ఆటగాళ్ళు కొత్త జెర్సీ వేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే కోడు అదే, సర్వరూ అదే, డేటా మాత్రం మైగ్రేట్ చెయ్యలేదు.

ఈ తలనొప్పి మనకే కాదు. మంచు హాకీలో విన్నిపెగ్ జెట్స్ 1996లో ఫీనిక్స్‌కి వెళ్తూ రికార్డుల్ని కూడా మోసుకెళ్ళింది. 2011లో అట్లాంటా నుంచి వేరే టీమొచ్చి అదే ఊళ్ళో అదే పేరు పెట్టుకుంది, పుస్తకంలో మాత్రం దాని చరిత్ర అట్లాంటాలో మొదలైంది. 2024లో ఆ ఫీనిక్స్ టీము ఆటగాళ్ళంతా యూటాకి పోతే రికార్డులు వెంట వెళ్ళలేదు, యూటాని కొత్త టీముగానే లెక్కగట్టారు. ప్రైమరీ కీ ఊరా, పేరా, ఆటగాళ్ళా, ఓనరా అన్నది ఎప్పటికప్పుడు వకీళ్ళు తేల్చే విషయమన్నమాట.

నా మటుకు నాకు ఆ కప్పుని సన్‌రైజర్స్ ఖాతాలో కలపడం ఇష్టం లేదు. కలిపితే "హైదరాబాద్ 2" అనే అంకె మిగుల్తుంది గానీ, ఉప్పల్‌లో ఏడు ఓటములు, నాగపూర్‌లో 'హోం' మ్యాచిలు, ఆ చివరి 9 పరుగులు అన్నీ దాని కింద కప్పడిపోతాయి. సన్‌రైజర్స్‌కి దాని కథ దానికుంది. 2016లో ఏకంగా చిన్నస్వామిలోనే 8 పరుగులతో బెంగుళూరుని ఓడించి గెలిచింది, 2023లో పదింట పదోదై మరుసటేడే ఫైనల్‌కొచ్చింది. అరువు కప్పు దానికెందుకు? చార్జర్స్‌కి పాపం పొట్టి పేరు కూడా మిగల్లేదు, ఇప్పుడు డీసీ అంటే ఢిల్లీ క్యాపిటల్స్. ఆ డీసీ 2024, 2025ల్లో విశాఖలో కొన్ని 'హోం' మ్యాచిలు కూడా ఆడింది!

2025 జూన్ 3న ఆర్సీబీ మొట్టమొదటి కప్పు గెలిచింది, సరిగ్గా ఆరు పరుగులతో. అర్ధరాత్రి మదనపల్లె నుంచి మా బావమరిది ఫోను.

"ఏం బావా, 2009 లెక్క సరిపోయినట్టేనా?"

"ఎవరితో సరిపోయిందిరా? ఆ టీమే లేదు కదా. దాని ఖాతా ఎప్పుడో మూసేసినారు."

"గెలిచినోళ్ళ ఖాతా మూసేసినారు సరే, ఓడిపోయినట్టు మా ఖాతాలో ఇంకా ఉండాదే? అట్లయితే మేము ఎవురి చేతిలో ఓడినట్టు బావా?"

నిజమే. ఆర్సీబీ పట్టికలో 2009 వరసలో 'రన్నరప్' అని ఇప్పటికీ ఉంది. డిలీట్ చేసిన రికార్డుని ఫారిన్ కీ ఇంకా పట్టుకుని వేలాడుతోందని వాడికి చెప్పబోయాను. వాడు టమాటా మండీలో పని చేస్తాడు, నాకంటే ముందే ఫోను పెట్టేసి టపాకాయలు కాల్చడానికి వెళ్ళిపోయాడు.