గడియారం గుర్తు చెప్పే నిజం

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో మీద రెండుసార్లు తట్టగానే గుండె ఎర్రబడుతుంది. సర్వర్‌కి కబురు చేరిందా లేదా అని అది ఆగి చూడదు. చేరుతుందిలే అన్న ధీమాతో రంగు ముందే మారిపోతుంది, అసలు పని వెనకాల జరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్ని ఆప్టిమిస్టిక్ అప్‌డేట్ అంటాం. ఆశావాదం అన్నమాట!

ఎందుకీ తొందర? 1993లో జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు ఒక లెక్క చెప్పాడు. నొక్కిన 0.1 సెకనులోపు స్పందన కనిపిస్తే, పని వెంటనే అయిపోయినట్టే అనిపిస్తుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. 10 సెకన్లు దాటితే ధ్యాసే పక్కకి పోతుంది.

హైదరాబాద్ ఆఫీసు వైఫైలో ఈ లెక్క అంతగా పట్టదు. మా కొల్లిపర దగ్గర, కృష్ణ ఒడ్డున అరటితోటల్లోకి వెళ్తే తెలుస్తుంది. సిగ్నల్ ఒక గీత కనిపించి మాయమవుతుంటే, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆశావాదం ఎక్కువ అవసరమయ్యేది ఇలాంటి చోటే. తమాషా ఏంటంటే, అది అబద్ధమయ్యేదీ ఇలాంటి చోటే.

లైక్ పోతే పోయింది, ఎవరికీ నష్టం లేదు. డబ్బు అలా కాదు. పసుపు అమ్మిన రైతుకి ‘డబ్బు పడింది’ అని యాప్ ముందే చెప్పేసి, అర నిమిషం తర్వాత ‘పడలేదు’ అంటే ఎలా? ఈలోగా ఆయన కూలీలకి మాట ఇచ్చేసి ఉంటాడు. అందుకే యూపీఐ యాప్ బ్యాంకు జవాబు వచ్చేదాకా ఆగుతుంది. మా అమ్మకి మాత్రం ఆ ఆగడమే కంగారు.

‘‘ఒరేయ్, ఇంకా తిరుగుతూనే ఉంది. మళ్లీ కొట్టమంటావా?’’ అని ఫోన్ చేస్తుంది.

‘‘వద్దమ్మా, ముందు బ్యాంకు మెసేజ్ వచ్చిందేమో చూడు’’ అంటాను.

రెంటికీ మధ్య దారి వాట్సాప్‌లో ఉంది. మనం పంపిన మాట చాట్‌లో వెంటనే కనిపిస్తుంది, పక్కనే చిన్న గడియారం గుర్తు. సర్వర్‌కి చేరాక ఒక టిక్, అవతలి ఫోన్‌కి అందాక రెండు. వేగమూ ఉంది, నిజమూ ఉంది.

2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లో యూజ్‌ఆప్టిమిస్టిక్ అనే సదుపాయం ఇచ్చారు. ఇప్పుడీ పని చాలా తేలిక. కానీ ఏ బటన్‌కి పెట్టాలో అది చెప్పదు కదా! నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని దాదాపు ఎప్పుడూ సక్సెస్ అవుతుందా? కాకపోతే నష్టం లేకుండా వెనక్కి తీసుకోగలమా? తీసుకుంటే ఆ సంగతి మనిషికి కనబడేలా చెబుతున్నామా? ఎక్కువమంది మర్చిపోయేది మూడోదే.

చక్రం తిరగకుండా చేయడం మన నేర్పు. జరగని పనిని జరిగిందని నమ్మించి, చడీచప్పుడు లేకుండా చెరిపేసే హక్కు మాత్రం మనకి లేదు.