భ్రమణంలో మిగిలే శేషం

ఆవిరి ఇంజనుకు ముఖం ఒకవైపే ఉంటుంది. ముందు పొగగొట్టం, మధ్య బాయిలరు, వెనుక డ్రైవరు నిలిచే చోటు, ఆపైన బొగ్గును, నీటిని మోసే టెండరు. ఇదీ దాని దేహ విన్యాసం. వెనుకకు నడిచే శక్తి దానికి లేకపోలేదు. అయితే టెండరును ముందుంచుకొని దూర ప్రయాణం చేయడం డ్రైవరు దృష్టికీ, బండి వేగానికీ ప్రతిబంధకం. కావున గమ్యం చేరిన ఇంజను తిరుగు ప్రయాణానికి ముందు తన ముఖాన్ని మళ్ళించుకోవలసి వచ్చేది. అందుకై ఏర్పడిన సాధనమే టర్న్‌టేబుల్, అనగా భ్రమణ వేదిక: వృత్తాకారమైన గొయ్యి, దాని వ్యాసమంతా ఆక్రమించే ఒక వంతెన, వంతెనపై ఒక జత పట్టాలు, నడుమ ఒక స్థిరమైన కీలం.

ఇందులో ఒక సూక్ష్మం గలదు. నూరు టన్నులకు పైబడిన ఇంజనును కేవలం ఇద్దరు ముగ్గురు ఖలాసీలు తోసి త్రిప్పగలిగేవారు. అది వారి భుజబలం వల్ల సాధ్యమైన పని కాదు. వంతెనపైకి వచ్చిన ఇంజనును డ్రైవరు అంగుళం అంగుళంగా జరుపుతూ, దాని భారకేంద్రం సరిగ్గా కీలం మీదకు వచ్చినచోట నిలిపేవాడు. అప్పుడు బరువంతా నడిమి బిందువుపై ఆనేది, అంచులు తేలికపడేవి. సమతౌల్యం కుదిరినచోట స్వల్ప బలం చాలుతుంది. కుదరనిచోట ఎందరు తోసినా వంతెన మొరాయిస్తుంది.

ఈ విషయాన్ని చేతులతో తెలుసుకున్న ఒక విశ్రాంత ఫిట్టరు సికిందరాబాదులో ఉన్నారు. దక్షిణ మధ్య రైల్వేలోని ఒక ఆవిరి షెడ్డులో ఆయన ఉద్యోగ జీవితం ఆరంభమైంది. పిమ్మట డీజిల్ ఇంజన్లు, విద్యుత్ ఇంజన్లు వచ్చాయి. వీటిని ఏ దిశలో నడిపినా ఇబ్బంది అంతగా లేదు గనుక టర్న్‌టేబుళ్ళ అవసరం క్రమంగా క్షీణించింది. 1995 డిసెంబరులో భారతీయ రైల్వేలలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల నిత్యసేవకు తెరపడింది. గోతులు పూడాయి, వంతెనలు తుక్కుగా మారాయి. డెబ్బయ్యవ పడి దాటిన తరువాత ఆయనకు ఒక సంకల్పం కలిగింది: మేడమీది గదిలో ఒక నమూనా రైలుమార్గం, దాని నడుమ ఒక టర్న్‌టేబుల్, స్వహస్తాలతో నిర్మించాలని.

ఆయన ఎంచుకొన్న ప్రమాణం 1:87. ఈ ప్రమాణంలో బజారులో దొరికే పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది పాశ్చాత్య దేశాల 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు గనుక, న్యాయంగా 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. ఈ వ్యత్యాసాన్ని ఎరిగియే ఆయన అంగీకరించారు. వంతెన పొడవు 280 మిల్లీమీటర్లు. నిజప్రమాణంలో అది సుమారు 24 మీటర్లు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకపై ఒక మేకు, ఒక చెక్కబద్ద సాయంతో వృత్తం గీసి, వంతెనకూ గోడకూ నడుమ ఒక్క మిల్లీమీటరు సందు ఉండేలా గొయ్యిని తొలిచారు. నడుమ ఇత్తడి గొట్టంలో 6 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని నిలిపారు. గొయ్యి అడుగున వృత్తంగా వంచిన ఒక పట్టాను అమర్చి, వంతెన చివరి చక్రాలు దాన్ని తాకీ తాకనట్లుగా, మధ్య ఒక పలుచని కాగితం దూరేంత ఎడం ఉంచారు. అంచు చక్రాల పని బరువు మోయడం కాదు, వంతెన తూలకుండా చూడడం మాత్రమే. షెడ్డులో నేర్చిన సూత్రమే ఇక్కడా వర్తించింది.

తరువాతి చిక్కు విద్యుత్తుది. నమూనా ఇంజనుకు విద్యుత్తు పట్టాల ద్వారానే అందుతుంది; ఒక పట్టా ధనం, మరొకటి ఋణం. వంతెన అర్ధవృత్తం తిరిగినప్పుడు దానిపై ఉన్న రెండు పట్టాలు స్థానాలు మార్చుకొంటాయి. అప్పుడు వంతెన మీది ధనపు పట్టా వెలుపలి ఋణపు పట్టాకు ఎదురుపడుతుంది. ఇంజను చక్రం ఆ సంధిని దాటగానే షార్ట్ సర్క్యూట్ తప్పదు. దీనికి పరిహారం ప్రాచీనమైనదే. రాగిపూత గల సర్క్యూట్ బోర్డును వలయాకారంగా కోసి, దానిని రెండు అర్ధవలయాలుగా ఖండించి, ఒకదానికి ధనాన్ని, రెండవదానికి ఋణాన్ని కలిపారు. వంతెన నుండి వ్రేలాడే రెండు ఫాస్ఫర్ బ్రాంజ్ రేకులు ఆ వలయంపై రాసుకుంటూ తిరుగుతాయి. అర్ధవృత్తం పూర్తి కాగానే ఒక రేకు ఒక ఖండం నుండి మరో ఖండానికి మారుతుంది. ధనఋణాలు తమంతట తామే తారుమారై వెలుపలి పట్టాలతో పొందిక కుదురుతుంది. ఒకే రేకు రెండు ఖండాలనూ ఒకేసారి తాకకుండా ఖండనరేఖను తగినంత వెడల్పుగా ఉంచారు. ఏ మార్గమూ లేని దిక్కున దాన్ని నిలిపారు. టంకం వేసే పని మాత్రం మనవరాలు చేసింది. కారణం ఆయన చేతి వణుకు.

ఆ వణుకే అసలు సమస్య. బల్ల క్రింద అమర్చిన చేతిపిడితో వంతెనను త్రిప్పాలన్నది ఆయన ప్రథమ సంకల్పం. పిడి తిరిగింది, వంతెన తిరిగింది; కానీ నిలువవలసిన చోట నిలువలేదు. ఒక డిగ్రీ తేడా వస్తే వంతెన కొసన అది 2.4 మిల్లీమీటర్లు అవుతుంది. అర మిల్లీమీటరు తేడా ఉన్నా చక్రపు అంచు పట్టా కొనను తాకి తడబడుతుంది. మూడు పర్యాయాలు ఇంజను గోతిలో ఒరిగింది. ఒకనాడు ఎన్నో టన్నుల భారాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిపిన చేతులు అరచేతిలో ఇమిడే బొమ్మను నిలుపలేకపోయాయి. ఆ రోజున ఆయన గదికి తాళం వేసి క్రిందికి దిగివచ్చారు.

మనవరాలు పాలిటెక్నిక్ విద్యార్థిని. మోటారు పెడదామని సూచించింది. ఆయన సమ్మతించలేదు. "మనిషి తోయని టర్న్‌టేబుల్ ఏమి టర్న్‌టేబుల్ అమ్మడూ?" అన్నారు. ఆమె వాదించలేదు. కొన్ని వారాల అనంతరం ఆయనే స్మృతిని తవ్వుకొని మెత్తబడ్డారు: పెద్ద షెడ్లలో విద్యుత్ మోటార్లతో తిరిగేవీ ఉండేవి, బ్రిటన్‌లోనైతే ఇంజను వాక్యూమ్ బ్రేకు నుండే శక్తిని గ్రహించి వంతెనను త్రిప్పే యంత్రాలు సైతం వాడుకలో ఉండేవి. మోటారు ఆ విద్యకు పరాయిది కాదని తేలింది. అయినా మనసులో ఒక వెలితి మిగిలే ఉంది. త్రిప్పేది మోటారు, లెక్కించేది మైక్రో కంట్రోలరు అయినప్పుడు, ఇందులో తన పాత్ర ఏమిటి?

తెచ్చినది ‘28బీవైజే-48’ అనే చిన్న స్టెప్పర్ మోటారు. సామాన్య మోటారు విద్యుత్తు ఉన్నంతసేపు తిరుగుతుంది. స్టెప్పర్ మోటారు ఆజ్ఞాపించినన్ని అంచెలు మాత్రమే కదలి ఆగుతుంది. దీనిలోపల రోటరు ఒక చుట్టుకు 64 అర్ధాంచెలు వేస్తుంది. ఆపైన పళ్ళచక్రాల పెట్టె ఆ వేగాన్ని 64 రెట్లు తగ్గిస్తుందని విక్రేతల పట్టికలు చెబుతాయి. 64ను 64తో గుణిస్తే 4,096. మనవరాలు ఆ సంఖ్యతోనే ప్రోగ్రాము వ్రాసింది. అర్ధవృత్తానికి ఒక నిమిషం పట్టేలా వేగాన్ని సెకనుకు సుమారు 34 అంచెలకు తగ్గించింది. వంతెన నిజమైన బరువుతో కదులుతున్నట్లు గంభీరంగా తిరిగింది. కానీ పూర్తి చుట్టు తిరిగి వచ్చాక పట్టాలు కలియలేదు. నాలుగు మిల్లీమీటర్లకు పైగా దాటిపోయాయి. మరో చుట్టుకు ఆ తేడా రెట్టింపయింది.

ఆమె ప్రోగ్రామును పదేపదే పరిశీలించింది, దోషం కనబడలేదు. అప్పుడు ఆయన భూతద్దం తెమ్మన్నారు. మోటారు పెట్టెను విప్పించి, చక్రాలను తెల్లని గుడ్డపై వరుసగా పరిపించి, పళ్ళు లెక్కించడం మొదలుపెట్టారు. లెక్కించే కంటికి వణుకు లేదు. 32కు 9, 22కు 11, 26కు 9, 31కి 10. ఒక్కొక్క జతనూ మూడేసి సార్లు ఎంచి పలికారు, ఆమె కాగితంపై గుణించింది. వచ్చిన ఫలం 64 కాదు, 63.68. అనగా ఒక చుట్టుకు కావలసినవి 4,096 అంచెలు కావు, 4,075.77 మాత్రమే. అదనంగా వేసిన ఇరవై అంచెలే ఆ నాలుగు మిల్లీమీటర్లు. పట్టిక చెప్పిన సంఖ్య గుండ్రంగా ఉంది. పళ్ళు చెప్పిన సంఖ్య గుండ్రంగా లేదు.

జిజ్ఞాసువులు గమనింపవలసిన ఘట్టం ఇదే. సత్యమైన సంఖ్య తెలిసినంత మాత్రాన కథ ముగియలేదు. మోటారు పూర్ణాంచెలు వేయగలదే గాని 0.77 అంచె వేయలేదు. 4,076 అని ఆజ్ఞాపిస్తే ప్రతి చుట్టుకూ పావు అంచెకు కొంచెం తక్కువ శేషం మిగులుతుంది. అది మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు మాత్రమే, కంటికి ఆనదు. కానీ శేషం నశించదు, సంచితమవుతుంది. పది చుట్లకు అది అర మిల్లీమీటరు. అంతటితో మళ్ళీ ఇంజను తడబడుతుంది. సూక్ష్మదోషానికి చిన్నతనం శాశ్వతం కాదు.

దీనికి గణితంలో నివారణ వెదకడం కంటె సులభమైన ఉపాయం మరొకటి ఉంది. వంతెన అడుగున ఒక చిన్న అయస్కాంతాన్ని అతికించి, గోతిలో ఒకచోట హాల్ సెన్సరును అమర్చారు. అయస్కాంతం ఆ సెన్సరు మీదుగా సాగిన క్షణాన, అంతవరకు ఎన్ని అంచెలు వేశామన్న లెక్కను యంత్రం చెరిపివేసి, సున్నా నుండి తిరిగి ఆరంభిస్తుంది. సంచితమైన శేషమంతా ఆ క్షణంలో రద్దవుతుంది. ఇందులోనూ ఒక నియమం ఉంది: ఆ ఆనవాలును ఎల్లప్పుడూ ఒకే దిశ నుండి సమీపించాలి. పళ్ళచక్రాల నడుమ ఎంతో కొంత వదులు ఉంటుంది; దిశ మారగానే ఆ వదులు తీరేవరకు మోటారు తిరిగినా వంతెన కదలదు. కావున ఎదురు దిశలో రావలసి వచ్చినప్పుడు వంతెన గమ్యాన్ని కొంత దాటి వెళ్ళి, మరలివచ్చి, అలవాటైన దిశ నుండే చేరుతుంది. ప్రతి మార్గానికీ ఇదే పద్ధతి.

ఇంత చేసినా, ఒక్కొక్కప్పుడు వెంట్రుకవాసి తేడా కనిపిస్తూనే ఉంది. ఆ మిగిలిన తేడాలోనే ఆయనకు తన స్థానం దొరికింది. నిజమైన టర్న్‌టేబుల్‌పై, వంతెన తిరిగి నిలిచాక, ఖలాసీ ఒక లీవరును లాగితే వంతెన కొసనుండి ఒక ఇనుప బోల్టు జరిగి ఎదుటి గోడలోని గూటిలో దిగేది. ఇంజను కదిలేటప్పుడు వంతెన ప్రక్కకు జరగకుండా అదే పట్టి ఉంచేది. ఆయన ఇత్తడి కడ్డీతో అటువంటి బోల్టును చేశారు. దాని మొనను ఆకురాయితో రోజుకు కొంతగా అరగదీసి కోసుగా మలిచారు. బల్ల అంచున జానెడు పొడవు లీవరు పెట్టి, చేతి కదలిక ఎంత పెద్దదైనా బోల్టు కదలిక స్వల్పంగానే ఉండేట్లు అమర్చారు. చేయి వణికినా, కోసుమొన గూటి నోటిలో ప్రవేశించిన పిమ్మట వెళ్ళడానికి దారి ఒక్కటే. బోల్టు దిగుతూ దిగుతూ వంతెనను దాని సరియైన స్థానంలోకి లాగుకొంటుంది. అలా లాగుకోవడానికి వంతెనకు కొంచెం స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛను ఇచ్చినది ఇంతవరకు దోషంగా ఎంచిన పళ్ళచక్రాల వదులే. పళ్ళు బిర్రుగా పట్టి ఉంటే బోల్టు తలుపు వద్దనే ఆగిపోయేది.

"అయితే తాతయ్యా, ఆ వదులును తీసేయనక్కరలేదా?" అని ఆమె ప్రశ్నించింది. "తెలిసిన వదులు ఉండనీ తల్లీ. తెలియనిదే చెరుపు చేస్తుంది" అన్నారాయన.

బోల్టు పూర్తిగా దిగినప్పుడే వంతెన పట్టాలకు విద్యుత్తు అందేలా ఆమె ఒక చిన్న స్విచ్చును జతపరచింది. కావున ఆ గదిలో ఇప్పుడు క్రమం ఇది: ఆమె బొత్తాం నొక్కుతుంది; వంతెన నెమ్మదిగా తిరిగి, తన ఆనవాలును స్మరించి, లెక్క ప్రకారం నిలుస్తుంది. అప్పటికీ ఇంజను కదలదు. బల్ల అంచున ఒక చేయి వణుకుతూనే లీవరును పట్టుకొని లాగాలి. బోల్టు గూటిలో దిగిన చిన్న చప్పుడు వినిపించాకనే పట్టాలలో ప్రాణం వస్తుంది, ఇంజను ముఖం మార్చుకొని బయలుదేరుతుంది.