కాళ్లు నేర్చిన వాక్యం

ఆదివారపు బడి అనగానే చాలామంది మనస్సులో మెదిలేది కదలిక లేని దృశ్యమే. దేవాలయపు వసారాలో చాపలు పరచి ఉంటవి. పిల్లలు చేతులు కట్టుకొని వరుసలుగా కూర్చుంటారు. ఉపాధ్యాయురాలు ఒక వాక్యం చదువుతుంది; అందరూ ఒక్క గొంతుతో దానిని పలుకుతారు. వచ్చే ఆదివారానికి తడుముకోకుండా అప్పజెప్పవలె. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో దీనికి 'కంఠత వాక్యం' అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరులోనే ఒక అభిప్రాయం ఇమిడి ఉన్నది. వాక్యం ఉండవలసిన చోటు కంఠం; చేతులకూ కాళ్లకూ దానితో నిమిత్తం లేదు; అవి కదలకుండా ఉంటే అంతే చాలు.

వేసవి సెలవులలో అదే వసారా ముందు మరొక దృశ్యం కనబడుతుంది. నేలమీద సున్నంతో గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో వాక్యంలోని ఒక్కొక్క మాట వ్రాసి ఉంటుంది. తొక్కుడుబిళ్ల ఆడినట్లే పిల్లలు ఒంటికాలిమీద గెంతుతూ, అడుగుపెట్టిన గడిలోని మాటను పైకి పలుకుతూ అవతలి కొసకు చేరుతారు. ఆ పక్కనే ఒక గుంపు గుండ్రంగా నిలిచి బంతి విసురుకుంటుంది. బంతి పట్టినవాడు తరువాతి మాట చెప్పి ఇంకొకరికి విసరవలె. మరొక మూల రెండు జట్లు పందెం వేసుకొన్నవి. గోడ దగ్గర తారుమారుగా పడి ఉన్న చీటీలను ఒక్కొక్కటిగా పరుగెత్తి తెచ్చి వాక్యక్రమంలో పేర్చవలె. అంతా కేకలు, చప్పట్లు, దుమ్ము. దూరం నుంచి చూచే పెద్దలకు ఇది చదువుగా తోచదు. భక్తిగా అసలే తోచదు. ఈ రెండింటిలో వాక్యానికి తగినది ఏది అన్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనబడుతుంది. కాని ఒక పవిత్ర గ్రంథంలోని మాట ఒక బిడ్డకు సొంత సొత్తు కావడం ఎట్లా అన్నదే దాని వెనుక ఉన్న అసలు విషయం.

పిల్లలను కూర్చోబెట్టిన ఆ బడి, నిజానికి, పరుగెత్తే పిల్లల కోసమే పుట్టింది. ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో రాబర్టు రైక్సు అనే పత్రికాధిపతి 1780లో ఆదివారపు బడిని ప్రారంభించాడు. ఆ ఊరు గుండుసూదుల పరిశ్రమకు పేరుపొందినది. వారంలో ఆరు దినాలు కార్ఖానాలలో పనిచేసే పిల్లలకు ఆదివారం ఒక్కటే విడుదల. ఆనాడు వాళ్లు వీధులలో చేసే అల్లరి పెద్దలకు కంటకమైంది. వాళ్లకు చదవడమూ, గ్రంథమూ, మర్యాదా నేర్పడం ఆ బడి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే ఆరు దినాలు యంత్రాలకు కట్టుబడిన శరీరాలను ఏడవనాడు బల్లలకు కట్టివేయడమనే అలవాటు కూడా దానితోపాటే వ్యాపించింది.

ఆ అలవాటు ఎంతదూరం పోగలదో మార్కు ట్వేయిన్ 1876లో ప్రచురించిన 'టామ్ సాయర్' నవలలో నవ్విస్తూనే చూపాడు. అక్కడి ఆదివారపు బడిలో రెండు వాక్యాలు అప్పజెప్పితే ఒక నీలి చీటీ ఇస్తారు. పది నీలి చీటీలకు ఒక ఎర్ర చీటీ, పది ఎర్ర చీటీలకు ఒక పసుపు చీటీ, పది పసుపు చీటీలకు ఒక బైబిలు. లెక్క వేస్తే ఒక బైబిలు వెల రెండువేల వాక్యాలు. టామ్ కొండమీది ప్రసంగం నుంచి వాక్యాలు ఎన్నుకొంటాడు. అంతకంటె పొట్టి వాక్యాలు వాడికి దొరకలేదు కనుక. చివరకు తోటి పిల్లల దగ్గర చీటీలు బేరమాడి కూడబెట్టి, సభలో బహుమానం అందుకొంటాడు. మొదటి ఇద్దరు శిష్యుల పేర్లు చెప్పమంటే దావీదు, గొల్యాతు అంటాడు. ఆగకుండా మూడువేల వాక్యాలు వల్లించిన మరొక కుర్రవాడు ఆ శ్రమకు మతి చెడి మిగిలిపోయాడని కూడా ఆ నవలాకారుడు చెబుతాడు. హాస్యంలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని వాక్యం నాణెంగా మారిన చోట దానిని ఎవరూ చదవరనే సంగతిలో అతిశయోక్తి లేదు.

వాక్యాన్ని మళ్లీ ఆరుబయటికి తెచ్చినవి సెలవుల బైబిలు బడులు. న్యూయార్కు నగరపు తూర్పు పేటలో 1898 వేసవిలో హాస్ అనే గృహిణి, వీధులలో తిరిగే పిల్లలను పోగుచేయడానికి చోటు దొరకక, ఒక సారాయి కొట్టు గదిని అద్దెకు తీసుకొని బడి నడిపింది. పాట, కథ, చేతిపని, ఆట అన్నీ అందులో చేరినవి. ఆ పద్ధతి సముద్రాలు దాటి వచ్చి మన దేశంలోనూ వేళ్లూనింది. మే నెల ఎండలలో చెట్ల నీడన నడిచే వేసవి బైబిలు బడులను నేడు ఎరుగని తెలుగు క్రైస్తవ సంఘం అరుదు.

అయినా పెద్దల అభ్యంతరం తేలికగా తోసివేయదగినది కాదు. పవిత్రమైన మాటను కాళ్ల కింద గడిలో వ్రాయవచ్చునా? కాలు తగిలితే కాగితాన్ని కళ్లకు అద్దుకొనే దేశం మనది. ఈ అభ్యంతరానికి మంచి సమాధానం ఆచరణలోనే దొరుకుతుంది. మాటలను గళ్లలో వ్రాయక, గడి పక్కన చీటీపై ఉంచి, గడిలో అంకె మాత్రం వేసే ఉపాధ్యాయులున్నారు. ఆట చెడలేదు, ఎవరి మనస్సూ నొచ్చుకోలేదు. ఇక భక్తికీ గెంతడానికీ పొత్తు లేదనే మాటకు గ్రంథమే అడ్డు చెబుతుంది. మందసం యెరూషలేము చేరిన దినాన దావీదు రాజు దాని ముందు నాట్యమాడిన వృత్తాంతం సమూయేలు రెండవ గ్రంథంలో 6వ అధ్యాయంలో ఉన్నది. కిటికీలో నుంచి చూచి అతనిని హీనపరచినది భార్య మీకాలు. కథ ఆమె పక్షం వహించలేదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం ఆజ్ఞలను పిల్లలకు ఎప్పుడు బోధించవలెనో చెబుతూ ఇంట కూర్చున్నప్పటితోపాటు త్రోవ నడిచేటప్పటినీ పేర్కొన్నది. అంతేకాదు, వాక్యాలకు అంకెలు వేసిన పనికి కూడా ప్రయాణంతో సంబంధం చెబుతారు. రాబర్టు ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో నూతన నిబంధనను అంకెలు వేసిన వాక్యాలుగా విభజించి అచ్చువేశాడు. పారిస్ నుంచి లియోన్‌కు గుర్రంమీద పోతూ ఆ పనిలో చాలాభాగం ముగించాడని అతని కుమారుడు వ్రాశాడు. గుర్రంమీద కాదు, దారిలోని సత్రాలలో అని కొందరి వ్యాఖ్య.

శరీరంతో మాటను నిలుపుకొనే విద్య మన దేశానికి కొత్తదేమీ కాదు. కేరళలో వేదం నేర్పే గురువు శిష్యుని తలను చేతితో పట్టి, స్వరం దిగినప్పుడు వంచి, ఎక్కినప్పుడు ఎత్తి నేర్పుతాడు. జటలోనూ ఘనలోనూ పదాలు ముందుకూ వెనుకకూ నడుస్తవి. ఆ నడకే వాటికి కాపుదల. ఖురాను వల్లించే పసివాడు నడుము ముందుకూ వెనుకకూ ఊపుతాడు. ఎక్కాలు చదివే పిల్లలు ఊగకుండా చదివిన వీధిబడి ఎక్కడున్నది? డోర్నకల్లులో 1912 నుంచి పీఠాధిపతిగా ఉన్న అజరయ్య కాలంలో ఆ ప్రాంతపు సంఘాలలో అధికసంఖ్యాకులు అక్షరం రానివారే. వారికి గ్రంథం చెవి ద్వారానూ, పాట ద్వారానూ చేరింది. క్రిస్మసుకు కోలాటం వేసే సంఘాలు తెలుగునాట నేటికీ ఉన్నవి. ఫ్రాన్సులో మార్సెల్ జూస్ అనే జెస్యూటు పండితుడు, పెద్దగా చదువుకోని తన తల్లి ఊయల ఊపుతూ పాడిన సువార్త పలుకులను మరువలేదు. మౌఖిక సంప్రదాయాలలో మాటా, లయా, అంగవిన్యాసమూ విడదీయరానివని వాదిస్తూ 1925లో గ్రంథం ప్రచురించి, జీవితమంతా ఆ పరిశోధనకే వెచ్చించాడు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా కొంత సాక్ష్యం చెబుతున్నారు. ఒక చిన్న పనిని సూచించే మాటను విని ఊరకున్నవారికంటె, విని ఆ పని చేసినవారికి అది బాగా జ్ఞాపకముంటుందని 1980వ దశకపు తొలి సంవత్సరాలలో జరిగిన పరీక్షలు తెలిపినవి. 2011లో ప్రచురితమైన ఒక జర్మను పరిశోధన ఇంకొక మెట్టు ముందుకు పోయింది. కొత్త భాషలోని పదాలను నేర్చుకొనేవారికి అర్థాన్ని చూపే అభినయం తోడైతే అవి బాగా నిలిచినవి. అర్థంతో సంబంధం లేని చేష్ట తోడైతే అంతగా నిలువలేదు. వాక్యపు ఆటలు నడిపేవారికి పనికివచ్చే సూత్రం ఇక్కడ ఉన్నది. ఊరక కదిలించడం వేరు, అర్థాన్ని కదిలించడం వేరు.

23వ కీర్తన దీనికి మంచి ఉదాహరణ. కాపరి, పచ్చిక, నీరు, చీకటి లోయ, భోజనపు బల్ల అన్నీ అందులో ఉన్నవి. ఆ మాటలను చీటీలమీద వ్రాసి పరుగుపందెం పెట్టవచ్చు; పిల్లలకు వరుస వస్తుంది. అట్లా కాక, పిల్లల కళ్లకు గంతలు కట్టి, ఒకరి భుజంమీద ఒకరు చేయి వేయించి, గంతలు లేని ఒక్కరిని ముందు నిలిపి, గుడి చుట్టూ మెల్లగా నడిపిస్తూ ఆ కీర్తనను పలికించవచ్చు. లోయను గూర్చిన మాట వచ్చేసరికి చెట్ల నడుమ ఇరుకు దారిలోకి మలుపు తిరగవలె. భుజం వదలితే దారి తప్పుతుందని పిల్లవానికి అప్పుడు చేతితోనే తెలుస్తుంది. కాపరి అనే మాటకు నిఘంటువు ఇచ్చే అర్థంకంటె ఇది దగ్గరి అర్థం.

అన్ని వాక్యాలూ ఆటకు లొంగవు. విలాప వాక్యాలున్నవి, సిలువను గూర్చిన వాక్యాలున్నవి. వాటిని చప్పట్లతో గెంతించడం పిల్లలకు తప్పు నేర్పడమే. అటువంటి చోట నిలువడం, తల వంచడం, దీపం చేతినుంచి చేతికి అందించడం చాలును. అవీ కదలికలే.

ఆటలో అన్నింటికంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. అది ఉత్సాహం చాటున దాగి ఉంటుంది గనుక తొందరగా కనబడదు. బంతి ఆటలో మాట మరచినవాడు ఔటు. పది నిమిషాలలో వలయంలో ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరికీ వాక్యం ముందే వచ్చును. మరచిన పదిమందీ గట్టుమీద కూర్చొని మట్టిలో పుల్లలతో గీతలు గీస్తారు. ఎవరికి అభ్యాసం ఎక్కువ కావలెనో వారికే అందరికంటె తక్కువ దక్కింది. పైగా ఆ వాక్యం వారికి ఇకమీద ఓటమి పేరు. గ్రంథం చేతబట్టి, అధ్యాయమూ అంకే చెప్పగానే ఎవరు ముందు తెరుస్తారో చూచే పోటీలోనూ ఇదే జరుగుతుంది. గ్రంథాల వరుస తెలియడానికి అది పనికివస్తుంది, సందేహం లేదు. కాని వేగంగా తెరచినవాడు అక్కడ ఏమున్నదో చదవడు, ఆలస్యంగా తెరచినవాడు చదవకుండానే మూస్తాడు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంబదితొమ్మిదింటిని విడిచిపోయిన కాపరి కథ చెప్పే చోట, వెనుకబడిన బిడ్డను ముందుగా బయటికి పంపే ఆట ఆడించడం ఎంత విపరీతం!

నియమాన్ని కొంచెం మారిస్తే చాలు. మాట మరచినప్పుడు వలయమంతా ఆ మాటను అతనితో కలిసి పలుకుతుంది. బంతి మళ్లీ అతనికే వస్తుంది. గడిలో ఆగిపోయినవాడు అక్కడే నిలిచి ఉంటాడు, వెనుక వచ్చేవాడు మాట అందించి ఇద్దరూ కలిసి గెంతుతారు. నడవలేని బిడ్డ ఉన్న చోట ఆట చేతులతో సాగుతుంది, అందరికీ అదే ఆట. గడియారంతో పోటీ పడదలిస్తే గుంపంతా ఒకటిగా పోటీ పడవచ్చు. ఇందులో గెలుపు ఆనందం తగ్గదు, దానికి పాలివాళ్లు పెరుగుతారు.

ఆట ముగింపుకూ ఒక పద్ధతి ఉండవలె. చెమటతో, రొప్పుతో ఉన్న పిల్లలను ఒక్కసారి నిలిపి, ఊపిరి కుదుటపడేదాకా ఊరకుండనిచ్చి, ఆ వాక్యాన్ని మెల్లగా, దాదాపు రహస్యంగా ఒకసారి పలికించవలె. అంతసేపూ కేకలలో ఉన్న మాట అప్పుడు మొదటిసారి వారి చెవికి వినబడుతుంది. మరునాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి మళ్లీ అడగవలె. విన్నది మొదటి దినాలలోనే వేగంగా జారిపోతుందనీ, ఎడమిచ్చి మళ్లీ చదివినది నిలుస్తుందనీ ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1885లోనే చూపాడు. ఒక్క సాయంకాలపు ఉత్సాహం దానికి బదులు కాజాలదు.

చిన్ననాడు నేర్చిన వాక్యాలు ఎప్పుడు అక్కరకు వస్తవో ఎవరూ ముందుగా చెప్పలేరు. ముదిమిలో బిడ్డల పేర్లే మరచిపోయినవారు సైతం బాల్యంలో పాడిన కీర్తనను ఎవరైనా అందుకొంటే చివరిదాకా కలుపుకొంటారు. ఆసుపత్రులలోనూ వృద్ధాశ్రమాలలోనూ సేవచేసేవారికి ఇది ఎరుకే. ఆ దినానికి బహుమానపు చీటీలు ఏవీ మిగలవు. వసారా ముందు గెంతిన పదిమందిలో మొట్టమొదట ఎవరు చేరారో కూడా మిగలదు. అందువల్ల ఆ సాయంకాలం బడి నడిపిన ఉపాధ్యాయురాలు ఇంటికి పోయేముందు గెలిచిన జట్టును లెక్కించుకోవడం అనవసరం. అందరికంటె ఆలస్యంగా చివరి గడి చేరిన బిడ్డను పిలిచి, దారిలో తోడు నడుస్తూ, ఆ వాక్యం ఇంకొక్కసారి కలిసి పలికితే ఆ దినపు పని పూర్తి అయినట్లే.