ఫావ్ ప్రాసాదం

బాగ్దాద్ విమానాశ్రయం దాటి మా బస్సు నగరం వైపు సాగుతుండగా, వెంట ఉన్న ఇరాకీ సోదరుడు ఒక దిక్కుకు చేయి చూపి "ఖస్రుల్ ఫావ్" అన్నాడు. మేము బయలుదేరింది ఆజమియాలోని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) సమాధి జియారత్‌కు. అయినా ఆ పేరు మనసును పట్టి నిలిపింది.

ఫావ్ ఇరాక్ దక్షిణ కొసన ఉన్న ద్వీపకల్పం. 1986లో ఇరాన్ సేనలు దానిని ఆక్రమించాయి. 1988 ఏప్రిల్‌లో ఇరాక్ తిరిగి గెలుచుకుంది. ఆ దాడికి పెట్టిన పేరు 'రమజాన్ ముబారక్'! ఉపవాస మాసం పేరుతో ముస్లింలు ముస్లింలను చంపుకున్నారు. ఆ విజయానికి గుర్తుగానే సద్దాం హుసేన్ ఈ భవనాన్ని కట్టించాడు. చుట్టూ కృత్రిమ సరస్సు, 60కి పైగా గదులు, పాలరాయి, పెద్ద షాండ్లియర్. అది 1990ల మాట. ఆంక్షల కారణంగా ఆసుపత్రుల్లో మందులు లేక, ఇళ్లలో పాలపొడి లేక తల్లులు విలపిస్తున్న రోజులవి. ఆంక్షలు విధించినవారి పాపం వారిదే. కానీ సరస్సు తవ్వించిన చేతులు మాత్రం సొంతవే.

2003లో అమెరికా సేనలు వచ్చాయి. ప్రాసాదం వారి ప్రధాన సైనిక కార్యాలయమైంది. యాసిర్ అరఫాత్ బహూకరించిన సింహాసనం వంటి కుర్చీలో పరాయి సైనికులు వంతులవారీగా కూర్చుని ఫోటోలు దిగారు. పట్టుబడిన సద్దాంను నిర్బంధించిన శిబిరమూ ఆ సైనిక స్థావరాల సముదాయంలోనిదే. తన సరస్సుకు అంత దగ్గరలో ఆయన ఖైదీగా నిద్రించాడు. ఫిరౌను వదిలిపోయిన తోటల ప్రస్తావన గల దుఖాన్ సూరా మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

2011 డిసెంబరులో ఆ సేనలు వెళ్ళిపోయాయి. ఇప్పుడక్కడ అమెరికన్ విశ్వవిద్యాలయం నడుస్తోంది. చదువు జరగడం మంచిదే. ఆ గడప దాటే స్తోమత ఎంతమంది పేద ఇరాకీ పిల్లలకు ఉందో!

ఆజమియా చేరేసరికి అస్ర్ వేళయింది. ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన న్యాయాధీశ పదవిని ఇమామ్ గారు నిరాకరించారనీ, ఆ కారణంగా చెరసాలలోనే హిజ్రీ 150లో కన్నుమూశారనీ చరిత్రకారులు రాశారు. మస్జిద్ నిండా మామూలు జనం. ఒక వృద్ధుడు పక్కకు జరిగి మాకు వరుసలో చోటిచ్చాడు.