నొప్పి లేని జబ్బు

కంటి వైద్యంలో ఎం.ఎస్. ముగిసిన నెలలోపే నాకు రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి శుక్లాల ఆపరేషన్లలో ఏడాది ఫెలోషిప్పు, మా ఊరికి దగ్గర. రెండోది చెన్నైలో, రెటీనా వైద్యంలో రెండేళ్ళది. ఆ రాత్రి మా ఇంట్లో మహాసభ జరిగింది.

"ఏడాదితో తేలిపోయేదానికి రెండేళ్ళెందుకమ్మాయ్?" అన్నారు మామగారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మా బుజ్జిగాడికి అప్పటికి మూడేళ్ళు. మావారు పేపరు అడ్డం పెట్టుకుని తటస్థంగా కూర్చున్నారు. అత్తగారు మాత్రం, "శుక్లం తీస్తే మర్నాటికి చూపొస్తుంది. పేరుకు పేరు, పుణ్యానికి పుణ్యం. ఆ రెండోదానిలో ఏముంది?" అన్నారు.

ఏముందో చెప్పడం నాకూ కష్టమే అయింది. రెటీనా అంటే కంటి లోపల, వెనుక గోడకు అంటుకుని ఉండే పల్చని పొర. సినిమాకు వెండితెర ఎలాంటిదో చూపుకు అది అలాంటిది. శుక్లం తీసి కొత్త కటకం అమర్చవచ్చుగాని, చెడిన తెరను మార్చి వేరే తెర కట్టడం మన చేతిలో లేదు. చాలాసార్లు మిగిలిన చూపును నిలబెట్టడమే మనం చేయగలిగింది. దానికి దండలు వేసేవారుండరు.

మర్నాడు మా గురువుగారిని కలిశాను. "మధురైలో అరవింద్ 1976లో 11 మంచాలతో మొదలైంది. చెన్నైలో శంకర నేత్రాలయ 1978లో, హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1987లో వచ్చాయి. మన దేశంలో నేర్చుకునే చోటుకు కొదవలేదు. భవనం చూసి మోసపోకు. అక్కడ చదువు ముగించినవాళ్ళను అడుగు. సొంత చేత్తో ఎన్ని ఆపరేషన్లు చేశారు? చిక్కు వచ్చినప్పుడు పక్కన పెద్దవాళ్ళున్నారా? ఈ రెండే ప్రశ్నలు" అన్నారాయన.

అడిగాను. చెన్నైలో చదివినావిడ నవ్వి, "మొదట్లో కత్తి ఇవ్వరు. ఎరుపు, నీలం పెన్సిళ్ళతో రోజూ రెటీనా బొమ్మలు వేయిస్తారు. అతుక్కుని ఉన్న చోట ఎరుపు, ఊడిన చోట నీలం. చూడటం వచ్చాకే కోయడం" అన్నది. ఆ మాట నాకు నచ్చింది. కాని ధైర్యం చాలలేదు.

ఆదివారం పుట్టింటికి వెళ్ళాను. మా నాన్నగారు రిటైరైన పంతులుగారు. ఎన్నో ఏళ్ళ చక్కెర వ్యాధి ఆయన ఎడమకన్ను తినేసింది. కాఫీ గ్లాసు అందుకోబోయి కిందికి దొర్లించారు. నా మొహం చూసి, "నొప్పి లేదు కదమ్మా. ఉంటే ముందే చెప్పనా?" అన్నారు, తప్పు తనదేనన్నట్టు.

చక్కెర వ్యాధిలో తెర మీది సన్నని రక్తనాళాలు కారతాయి, పెళుసైన కొత్తవి మొలుస్తాయి, అవి చిట్లి రక్తం నిండుతుంది. ఆ రక్తాన్ని తీసే ఆపరేషను పద్ధతిని అమెరికాలో రాబర్ట్ మాకెమర్ 1971లో ప్రకటించారు. అంతదాకా రానివ్వకుండా లేజరు, కంటిలోకి ఇచ్చే సూదిమందులు ఉన్నాయి. కాని నొప్పి లేని జబ్బుకు మనిషి ముందుగా డాక్టరు దగ్గరకు రాడు.

"నాకోసమైతే వెళ్ళకు. నాది దాటిపోయింది. నీకు ఇష్టమైతే వెళ్ళు" అన్నారు నాన్నగారు.

ఆ సాయంత్రం మళ్ళీ సభ తీరింది. నేను ఏ వాదమూ చేయలేదు. "మామయ్యగారూ, మీకు షుగరు ఎన్నేళ్ళుగా ఉంది?" అన్నాను.

"పదకొండు."

"కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల ఎప్పుడు చూశారు?"

"ఎందుకమ్మా? నొప్పేం లేదుగా!"

మావారి చేతిలో పేపరు కిందికి దిగింది. మర్నాడే ఆయనను ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. రెండు కళ్ళలోనూ చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించాయి. ఇంకా తొలిదశే. షుగరు, రక్తపోటు అదుపులో ఉంచుకుని, తప్పకుండా చూపించుకుంటూ ఉంటే చాలన్నాను. ఆయన ఇంటికి వచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

చెన్నై రైలుకు టిక్కెట్లు మామగారే తీశారు. బుజ్జిగాడికి కూడా.